గుంట వైపు వాటం

మా ఆయన పరిచిన నేల మీద నీళ్ళు నిలవవు. కట్టుకున్న పాపానికి నేను చెప్పే మాట కాదిది, ఆయన బండలు వేసిన స్నానాల గదుల్లో స్నానం చేసేవాళ్ళంతా చెప్పేదే. చెంబెడు నీళ్ళు ఏ మూల ఒంపినా బుద్ధిగా తూము వెతుక్కుంటూ వెళ్ళిపోతాయి. నీళ్ళు జారడానికి నేలకిచ్చే ఆ కాస్త వాలునే మేస్త్రీలు వాటం అంటారు. "కంటికి కనపడకూడదు, కాలికి తెలియకూడదు, నీటికి మాత్రం తెలియాలి" అంటాడు మా ఆయన. తోటి పనివాళ్ళు ఆయన అసలు పేరు ఎప్పుడో మరిచిపోయారు. అందరికీ వాటం మేస్త్రి. అన్నం దగ్గర కూడా ఈ వాటం గొడవే విని విని నా చెవులు తూట్లు పడ్డాయి.

నా సంగతి కూడా ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. నాకు కోపం ముక్కు మీదే కాపురం ఉంటుంది. నోరు చెడ్డది, మనసు మంచిది అని చుట్టాలంటారు. అందులో మొదటి సగం నా ఎదుట అనరు. ఇంట్లో తండ్రీకొడుకులిద్దరూ నేను ఏం చేసినా బాగుందనే అంటారు. కూర మాడినా బాగుంది, కుట్టిన గలీబు వంకరపోయినా బాగుంది. ఇల్లు ప్రశాంతంగా ఉండాలంటే అదే దారని వాళ్ళు పెందలాడే కనిపెట్టారు.

ఇలాంటి ఇంటికి కోడలు వచ్చింది. నోట్లో నాలుక లేని పిల్ల. "సరే అత్తయ్యా", "బాగుంది అత్తయ్యా", "మీ ఇష్టం అత్తయ్యా". ఈ మూడు మాటలతో సంసారం ఈదేయొచ్చని వాళ్ళమ్మ చెప్పి పంపినట్టుంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు నా అదృష్టం చూసి కుళ్ళుకున్నారు. నాకేమో పోట్లాటకి మనిషి దొరక్క నోరు పాచిపోయింది. గోడతో మాట్లాడితే కనీసం కాస్త సున్నమైనా రాలుతుంది.

ఆ పిల్ల పనిచేసేది గోల్ఫ్ మైదానంలో. ఆడటానికి వచ్చేవాళ్ళకి కౌంటరు దగ్గర బంతుల బుట్టలు ఇస్తుంది. ఆట మాత్రం ఆ బుట్టలు తీసుకునేవాళ్ళ కంటే బాగా ఆడుతుందట, మావాడు గర్వంగా చెబుతాడు. ఆట నేర్పే ఉద్యోగం ఒకటి అక్కడ ఖాళీ అయింది. అందుకో పరీక్ష ఉంది, నెగ్గితే ఆ ఉద్యోగం నీకే అన్నారు పైవాళ్ళు. వెళ్ళింది, తప్పింది. ఇంకొక్క అవకాశం ఇస్తాం, ఈసారీ తప్పితే బయటి మనిషిని తెచ్చుకుంటాం అన్నారు. చిన్నప్పటి నుంచీ ఆ పిల్ల కోరుకున్నది అదొక్కటే అని మావాడు అప్పుడు చెప్పాడు. తను ఏదైనా కోరుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

"ఎక్కడ తేడా వచ్చిందమ్మా?" అని అడిగాడు మా ఆయన.

కోడలు తల దించుకుని, "పట్టింగ్ దగ్గర మామయ్యా" అంది.

పట్టింగ్ అంటే ఏమిటని ఈయన, ఎలా ఉంటుందని నేను, ఇద్దరం అడిగాం. బంతిని గాల్లోకి లేపకుండా, పట్టర్ అనే కర్రతో మెల్లగా తట్టి, నున్నటి గడ్డి మీద దొర్లించి గుంటలో వేయడమట. ఆ గడ్డి నేలని గ్రీన్ అంటారట. మా ఆయన మొహం విప్పారింది.

"అంటే నేల పనే కదా" అన్నాడు.

నాకు అప్పుడే అర్థమైంది, నా పెరడుకి మూడిందని.

కొడుకూ కోడలూ ఆమె అక్కగారింటికి వెళ్ళిన రోజులు చూసుకుని ఆయన పని మొదలుపెట్టాడు. ముందు నా బట్టల తీగలు పీకాడు. తడిబట్టలు నా నెత్తిన ఆరేసుకోవాలా అని అరిచాను. "పిల్ల పరీక్ష కంటే నీ దుప్పట్లు ఎక్కువా?" అన్నాడు. ఇంకెవరి కోసమైనా అయితే ఆ పారకి అడ్డంగా పడుకునేదాన్ని.

పైమట్టి తీశాడు, కంకర పోశాడు, దిమ్మిసతో కొట్టాడు. దాని మీద రాతిపొడి పోసి, తడిపి, మళ్ళీ కొట్టి, పొడవాటి బద్ద పెట్టి లాగాడు. మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకి ఆనించి, ఒక కన్ను మూసి చూసేవాడు. నన్ను పెళ్ళిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా చూడలేదు. ప్లాస్టిక్ గడ్డి చుట్ట తేవడానికి వెళ్తే, గుంటలు ఎన్ని కావాలని అడిగాడట కొట్టువాడు. "ఒకటి చాలు, రెండు తూములుంటే వాటం కుదరదు" అని చెప్పి వచ్చాడు. వచ్చి, ఆ గుంట అడుగున గొట్టం బిగించి, గోడ కింద నుంచి వీధి కాలవలోకి కలిపాడు.

"గుంట ఉన్నచోటికి నీళ్ళు చేరతాయి. చేరిన నీళ్ళకి దారి చూపించాలి" అన్నాడు.

గడ్డి పరిచి, అతుకులు అంటించి, సన్నటి ఇసుక చల్లి చీపురుతో ఊడ్చాక, బకెట్టు నీళ్ళు తెచ్చి అన్ని మూలలా ఒంపాడు. చుక్క మిగలకుండా గుంటలోకి దిగాయి. నేను చూస్తున్నానా లేదా అని నా వైపు తిరిగి చూశాడు. చూశాను. బాగుందనే అన్నాను, నిజంగానే బాగుంది. మా పెరడు అంత పచ్చగా ఏనాడూ లేదు.

కోడలు వచ్చి చూసి అలాగే నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ నాకోసం ఇలా చేయలేదు మామయ్యా అంది. పట్టర్ తెచ్చి మొదటి బంతి తట్టింది. పడింది. పక్క మూల నుంచి తట్టింది. పడింది. గోడ దగ్గరికి వెళ్ళి ఎటో చూస్తూ తట్టింది. అదీ పడింది. అప్పుడా పిల్ల మొహంలో ఏదో కదిలి, మళ్ళీ సర్దుకుంది.

"చాలా బాగుంది మామయ్యా" అంది.

"చూశావా, ఒక్కటీ తప్పట్లేదు. ఇక పరీక్షలో నీకు తిరుగులేదు" అన్నాడాయన.

అప్పటి నుంచీ సాయంత్రమైతే చాలు, ఆయన టీ గ్లాసు పట్టుకుని పెరటి గట్టు మీద కూర్చోవడం, ఆ పిల్ల బంతులు తట్టడం, అవన్నీ పడటం. పడ్డ ప్రతి బంతికీ ఈయన తల ఊపడం. పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించాడు. మా కోడలికి దిష్టి తగులుతుందేమోనని నాకో దిగులు.

ఒక పొద్దున గడ్డి మీద పడ్డ ఆకులు ఊడుస్తుంటే, అంచున మరిచిపోయిన బంతి ఒకటి నా చీపురుకి తగిలింది. దొర్లింది. దొర్లుతూ దొర్లుతూ, దారి తెలిసినదానిలా వెళ్ళి గుంటలో పడింది. నేను చీపురు పక్కన పెట్టాను. బంతి తీసి, ఇంకో మూలకి వెళ్ళి, కళ్ళు మూసుకుని కాలితో నెట్టాను. పడింది. వీపు తిప్పి మడమతో తన్నాను. అదీ పడింది. జన్మలో ఆట ఆడని నా మడమకి ఇంత విద్య ఎక్కడిది?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మా మహానుభావుడు పెరట్లో స్నానాల గది కట్టాడు.

వంటింట్లో కోడలు టీ కాస్తోంది. పొయ్యి కట్టేయమన్నాను.

"ఆ బంతి నేను తంతే పడింది. నువ్వు రోజూ అక్కడ ఏం నేర్చుకుంటున్నావు?"

గిన్నె వంక చూస్తూ నిలబడింది. మొదటి రోజే తెలిసింది కదా అన్నాను. తల ఊపింది.

"మామయ్య అంత కష్టపడి చేశారు అత్తయ్యా. ఏమని చెప్పను?"

"మరి పరీక్ష? పట్టింగ్‌లోనే కదా పోయింది?"

ఆ పిల్ల పొయ్యి పక్కన ఒలికిన టీపొడి వేలితో పోగు చేసింది. నేను, నా జన్మలో మొదటిసారి అనుకుంటా, నోరు మూసుకుని ఎదురుచూశాను.

"పట్టింగ్‌లో నేను ఒక్కటి కూడా తప్పలేదు. పరీక్షలో ఆడి చూపించాక, అదే నేర్పి కూడా చూపించాలి. నేర్చుకోవడానికి కొత్తగా వచ్చినాయన్ని ఒకర్ని ఇచ్చారు. మామయ్య వయసు ఉంటుంది. పట్టర్‌ని చీపురు పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఏం చేసినా తప్పే. నేను బాగుంది సార్, చాలా బాగుంది సార్ అంటూ ఉన్నాను. అంతా అయ్యాక ఆయనే అడిగారు, ఇంతకీ నాకేం నేర్పావమ్మా అని." కాసేపాగి అంది, "పెద్దవాళ్ళకి తప్పని చెప్పాలంటే నాకు నోరు రాదు అత్తయ్యా. గొంతులోనే ఉండిపోతుంది."

నాకు ఆ పిల్లని దగ్గరికి తీసుకోవాలనిపించింది, రెండు తగిలించాలని కూడా అనిపించింది. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది గానీ, అది అత్త కోడలితో అనేది కాదు.

"అయితే నీ పరీక్ష మైదానంలో లేదు. గట్టు మీద కూర్చుని టీ కోసం చూస్తోంది. వెళ్ళి చెప్పు" అన్నాను.

"మీరు చెప్పండి అత్తయ్యా."

"నేను పెళ్ళైన నాటి నుంచీ చెబుతూనే ఉన్నాను. నాకేం పరీక్ష లేదు. పద."

టీ గ్లాసుతో వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. గ్లాసు ఇచ్చింది. గడ్డి మెత్తగా ఉంది మామయ్యా అంది. ఆయన పొంగిపోయాడు. అతుకులు అసలు కనపడట్లేదు మామయ్యా అంది. ఇంకా పొంగాడు. ఇలా వదిలేస్తే ఆయనకి సన్మానం చేసి వచ్చేలా ఉందని నేను దగ్గాను.

"మామయ్యా, ఇది తప్పు" అంది.

"ఏది?"

"వాటం."

ఊళ్ళో అందరూ ఆ పేరుతో పిలిచే మనిషితో అన్న మాట అది. మా ఆయన గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది.

"బంతులన్నీ గుంటలోకే వస్తున్నాయి మామయ్యా."

"రావాలనే కదమ్మా చేసింది."

"రాకూడదు. నేను సరిగ్గా కొడితేనే రావాలి."

ఆయన గ్లాసు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట పళ్ళెం ముందు కూర్చున్నాడు గానీ తల ఎత్తలేదు. ఉప్పు కావాలన్నా నన్నడగకుండా తనే లేచి తెచ్చుకున్నాడు. కోడలు వంటింట్లో మూలకి తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. మావాడు ఎవరి వైపు చేరాలో తెలియక మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. పైకి గంభీరంగా ఉన్నాను గానీ నాకు భయం వేసింది. పని తప్పితే ఇంకేం తెలియని మనిషి ఆయన. ఆ పనినే కాదనిపించాను, అదీ కోడలి చేత. తొందరపడ్డానేమో అనిపించింది.

తెల్లవారాక పెరట్లో బరబరమని చప్పుడు. వెళ్ళి చూస్తే ఆయన గడ్డి ఒక చివర నుంచి లేపుతున్నాడు. నా వంక చూడలేదు. "అమ్మాయిని పిలువు" అన్నాడు.

కోడలు వచ్చి దూరంగా నిలబడింది.

"ఎలా ఉండాలో చెప్పు" అన్నాడు.

ఇక్కడ కాస్త ఉబ్బు ఉండాలి మామయ్యా, ఇటు ఎడమకి జారాలి, గుంట పక్క నుంచి పల్లం దాటి పోవాలి, అని చేత్తో గాల్లో చూపించింది. ఆయన విన్నాడు. రాతిపొడి పోశాడు, తీశాడు, లాగాడు. అలవాటు కొద్దీ బకెట్టు నీళ్ళు తెచ్చి ఒంపాడు. నీళ్ళు నేరుగా వెళ్ళి గుంటలో దిగాయి.

"కాదు మామయ్యా" అంది మెల్లగా.

మళ్ళీ చేశాడు. మళ్ళీ నీళ్ళు గుంటలోకే. పాపం ఆయన కావాలని చేయడం లేదు. తల ఒకటి చెబుతుంటే చేతులు ఇంకొకటి చేస్తున్నాయి. ఆ చేతులకి తెలిసింది ఒక్కటే, నేల అన్నాక తూము వైపు చూడాలని. ఉబ్బు పెడతాడు, అటు తిరిగేలోపు మళ్ళీ బద్ద లాగి దాన్ని సాపు చేసేస్తాడు. పైగా వాదన. గుంట వైపు కొంచెమైనా వాలు లేకపోతే వానాకాలం ఏమవుతుందో నీకు తెలియదమ్మా అని. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

అలా కొన్నాళ్ళు పొద్దున్నే ఇదే తంతు. వింటూ ఉంటే నాకు తెలిసిపోయేది, ఆ పిల్ల గొంతు మారుతోందని. మొదట్లో "కాదేమో మామయ్యా" అనేది. తర్వాత "కాదు మామయ్యా" అయింది. తర్వాత "ఇంకా కాదు, మళ్ళీ చేయండి". చివరికి ఒక రోజు ఆయన చేతిలోంచి బద్ద లాగేసుకుంది.

"ఇది ఇటివ్వండి. ఇది చేతిలో ఉంటే మీరు వినరు. అరచేత్తో చేయండి. మంచం మీద దుప్పటి పరిచి, సర్దకుండా వదిలేస్తే ఎలా ఉంటుంది? అలా ఉండాలి."

"అయితే మీ అత్తయ్యని రమ్మను. ఆవిడ ఎంత సర్దినా అలాగే ఉంటుంది" అన్నాడు, నేను వినట్లేదనుకుని. ఆ పిల్ల ఫక్కున నవ్వింది. మా ఇంట్లో ఆమె గట్టిగా నవ్వగా వినడం అదే మొదలు. అందుకని ఆయన్ని ఆ ఒక్కసారికి వదిలేశాను.

అరచేత్తో చేసింది కుదిరింది. గడ్డి మళ్ళీ పరిచాక బంతి కొడితే ఎడమకి వంగి, ఉబ్బు ఎక్కి, ఆగాలా వద్దా అన్నట్టు తటపటాయించి, పక్కకి పోయింది. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని నేలని చూసింది, లేచి కొంచెం కుడికి చూసి కొట్టింది. అప్పుడు పడింది. ఆ పడటం చూసి మా ఆయన మొదటి రోజులా తల ఊపలేదు. లేచి నిలబడ్డాడు.

వాన వస్తే మాత్రం ఒక మూల కాసిని నీళ్ళు నిలిచేవి. వాటం మేస్త్రి వేసిన నేల మీద నీళ్ళు. ఎవరైనా చూస్తారేమోనని ఆయన పాతగుడ్డ తీసుకెళ్ళి ఒత్తి, గబగబా పిండుకుని వచ్చేవాడు.

పరీక్ష రోజు ఆయనే తన పని వ్యానులో కోడల్ని తీసుకెళ్ళాడు. నేను ఇంట్లో ఉండి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. అన్నం వండి, మూతపెట్టి, మూత తీసి చూసి, మళ్ళీ పెట్టాను. ఓడిపోతే ఆ పిల్ల ఏమీ అనదు, సరే అత్తయ్యా అని మళ్ళీ బుట్టల దగ్గర కూర్చుంటుంది. నా భయమంతా అదే.

వ్యాను ఆగిన చప్పుడుకి గుమ్మంలోకి వెళ్ళాను. ముందు మా ఆయన దిగాడు. ఆయన మొహం చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది.

"నేర్పే ఉద్యోగం మన అమ్మాయిదే" అన్నాడు. కోడలు వెనక నుంచి దిగి, ఏం చేయాలో తెలియక, వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను, అందులో దాచుకునేదేముంది.

మైదానం చుట్టూ కట్టిన వల బయట నిలబడి అంతా చూశాడట ఆయన. ఈసారి ఇచ్చిన మనిషి ఒక పెద్దావిడ, మాటకి మాట వేసే రకం. "అచ్చం నీలాగే" అని నోరు జారి, "అంటే, చురుకైన మనిషి" అని దిద్దుకున్నాడు. ఆవిడ నాకొచ్చులే అన్నప్పుడల్లా మన పిల్ల, రాలేదు మేడమ్, భుజం కదిలింది, మళ్ళీ కొట్టండి అందట. "నా మీద అరిచినదానికంటే మెత్తగానే చెప్పింది" అన్నాడు, అదేదో తనకి దక్కిన గౌరవం అన్నట్టు.

సాయంత్రం అందరం పెరట్లో కూర్చున్నాం. తండ్రీకొడుకులు గట్టు మీద, నేను కుర్చీలో. కోడలు ఊరికే బంతులు తడుతోంది. ఇన్నాళ్ళూ ఆ కర్ర ముట్టుకోవాలని నాకు అనిపించనే లేదు. ఆ పూట మనసు నిండుగా ఉండి, "ఏదీ, ఇలా తే" అన్నాను.

పట్టుకుని, బంతి ముందు నిలబడి, కొట్టాను. బంతి గుంట ఛాయలకి కూడా పోకుండా గోడని గుద్దుకుని ఆగింది.

"బాగా కొట్టావే" అన్నాడు మా ఆయన.

"చాలా బాగా కొట్టావమ్మా" అన్నాడు మావాడు.

"బాగా కొట్టలేదు అత్తయ్యా" అంది కోడలు. "కొట్టకముందే తల ఎత్తేశారు. తప్పు. మళ్ళీ కొట్టండి."

గట్టు మీద ఇద్దరూ కాస్త వెనక్కి జరిగారు. ఈ ఇంట్లో నా మొహం మీద తప్పు అన్నవాళ్ళు లేరు. కోపం ఎక్కడ ఉండాలో అక్కడికి వచ్చేసింది కూడా. ఆ పిల్ల వంక చూశాను. తను నా వంక చూడటం లేదు, నా చేతుల వంక చూస్తోంది, భయం లేకుండా, పనిలో ఉన్న మనిషిలా. బంతి తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది.

నేను తల దించాను.

"ఇంకొంచెం దించండి" అంది.

దించాను.